ఒక్క సెల్లు వెనకబడితే

ఇప్పుడు బ్యాటరీ లేని ఊరు లేదు. పొలంలో మందు కొట్టే స్ప్రేయరుకు బ్యాటరీ ఉంది. కరెంటు పోతే వెలిగే లైటుకు బ్యాటరీ ఉంది. చేతిలో ఫోనుకు సరే సరి. స్కూటరుకు, ఆటోకు కూడా బ్యాటరీ వచ్చేసింది.

ఇదివరకు బ్యాటరీ అంటే సీసం బ్యాటరీయే. అది చాలా బరువు. లోపల యాసిడ్ ఉంటుంది. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటరు పొయ్యాలి. ఇప్పుడు చాలా బళ్ళకు లిథియం బ్యాటరీ పెడుతున్నారు. లిథియం ఒక లోహం. లోహాలన్నిటిలోకీ తేలికైనది. దీంతో చేసిన బ్యాటరీ కూడా తేలికే. నీళ్ళు పొయ్యక్కర్లేదు.

లిథియం అయాన్ బ్యాటరీని జపానులో సోనీ కంపెనీ 1991లో మొదటిసారి అమ్మకానికి పెట్టింది. దీని కోసం పాటుపడిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో. వీరిలో గుడెనఫ్‌కు అప్పటికి 97 ఏళ్ళు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు అంతకు ముందు ఎవరూ లేరు.

బ్యాటరీ మంచిదే. కాని దాని మీద ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. "కొన్నప్పుడు బాగానే నడిచింది. రెండేళ్ళకే చచ్చిపోయింది" అంటారు. నిజంగా చచ్చిపోయిన బ్యాటరీలు ఉన్నాయి. చావకుండానే పాత సామాన్ల కొట్టుకు పోయేవి కూడా ఉన్నాయి. రెండిటికీ తేడా ఎలా కనిపెట్టాలో ఈ పాఠంలో చూద్దాం.

పెట్టెలో ఏముంది?

బ్యాటరీ బయటికి ఒకే పెట్టెలా కనిపిస్తుంది. లోపల చిన్న చిన్న బ్యాటరీలు వరసగా ఉంటాయి. ఒక్కోదాన్ని సెల్లు అంటారు. టార్చిలైటులో రెండు, మూడు సెల్లులు ఒకదాని వెనక ఒకటి వేస్తాం కదా! ఇదీ అంతే.

ఆటోల్లో ఎక్కువగా వాడే లిథియం రకాన్ని ఎల్.ఎఫ్.పి. అంటారు. అందులో లిథియంతో పాటు ఇనుము, ఫాస్ఫేటు ఉంటాయి. ఈ రకం సెల్లు ఒక్కొక్కటి 3.2 వోల్టులు. పదహారు సెల్లులు వరసగా కలిపితే ఎంత?

16 × 3.2 = 51.2 వోల్టులు.

బ్యాటరీ పెట్టె మీద 51.2 అని అచ్చు వేసి ఉంటే లోపల పదహారు సెల్లులు ఉన్నాయని అర్థం. 12.8 అని ఉంటే నాలుగు. పెట్టె తెరవకుండానే మనం లెక్క చెప్పవచ్చు.

ఇంకో రకం ఉంది. దాన్ని ఎన్.ఎం.సి. అంటారు. ఫోన్ల బ్యాటరీలు కూడా దాని దగ్గరి చుట్టాలే. స్కూటర్లలో ఎక్కువగా వస్తుంది. దాని సెల్లు నిండితే 4.2 వోల్టులు. ఎల్.ఎఫ్.పి. సెల్లు నిండితే 3.65. ఒకదాని ఛార్జరు ఇంకోదానికి ఎప్పుడూ పెట్టకూడదు. ఈ పాఠంలో మనం చెప్పుకునే లెక్కలన్నీ ఎల్.ఎఫ్.పి. వే.

పదహారు బిందెలు

పదహారు బిందెలు వరసగా పెట్టారనుకోండి. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళు పోస్తే అన్ని బిందెల్లోనూ ఒకేసారి ఒక్కో గ్లాసు పొయ్యాలి. తీస్తే అన్నిట్లోంచీ ఒకేసారి ఒక్కో గ్లాసు తియ్యాలి. ఒక బిందెకు ఎక్కువ, ఒక బిందెకు తక్కువ కుదరదు.

ఏ ఒక్క బిందె నిండినా పొయ్యడం ఆపెయ్యాలి. ఏ ఒక్క బిందె ఖాళీ అయినా తియ్యడం ఆపెయ్యాలి.

వరసగా కలిపిన సెల్లుల పద్ధతి ఇదే. ఛార్జి పెట్టినప్పుడు అన్నిట్లోకీ ఒకే కరెంటు పోతుంది. బండి నడిచేటప్పుడు అన్నిట్లోంచీ ఒకే కరెంటు వస్తుంది.

పదహారు బిందెలూ ఒకే కొలత, అన్నీ ఒకే మట్టంలో ఉంటే గొడవే లేదు. కాని పదిహేను బిందెలు నిండుగా ఉండి, ఒక్కటి ముప్పాతిక మాత్రమే ఉందనుకోండి. ఏమవుతుంది? పొయ్యబోతే ఆ పదిహేనూ పొర్లుతాయి. అందుకని పొయ్యడం ఆగిపోతుంది. ముప్పాతిక బిందె ముప్పాతికగానే ఉండిపోతుంది. తీసేటప్పుడు అదే ముందు ఖాళీ అవుతుంది. మిగతా పదిహేనింటిలో పావు వంతు నీళ్ళు ఉండగానే తియ్యడం ఆగిపోతుంది.

నీళ్ళు ఉన్నాయి. కాని మనకు అందవు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి వెనకబడితే రెండోది ఎంత బలమైనదైనా బండి నడక వెనకబడిన ఎద్దుదే కదా!

కాపలా మనిషి

సెల్లు పొర్లితే, అంటే 3.65 వోల్టులు దాటి ఛార్జి చేస్తే, పాడవుతుంది. వేడెక్కుతుంది. 2.5 వోల్టుల కిందికి దించితే కూడా పాడవుతుంది. అందుకే పెట్టెలో ఒక చిన్న బోర్డు పెడతారు. దాన్ని బీఎంఎస్ అంటారు. దాని నుంచి ప్రతి సెల్లుకూ ఒక సన్నని తీగ పోతుంది. ఏ సెల్లు ఎంత ఉందో అది నిమిషం విడవకుండా చూస్తూ ఉంటుంది. ఒక్క సెల్లు హద్దు దాటినా కరెంటు కట్ చేస్తుంది.

బండి దారిలో హఠాత్తుగా ఆగిపోతే చాలామంది దీన్నే తిడతారు. కొందరు మెకానిక్కులు దీన్ని తీసి పక్కన పెట్టి, "ఇంక ఆగదు, పో" అని నేరుగా తీగలు కలిపి ఇస్తారు. ఇది చాలా తప్పు పని. కుక్క మొరుగుతోందని కుక్కను చంపి, దొంగకు తలుపు తీసినట్టు.

బీఎంఎస్‌కు ఇంకో పని కూడా ఉంది. ఛార్జి నిండబోయే సమయంలో ఎక్కువగా ఉన్న సెల్లుల నుంచి కొంచెం కొంచెం కరెంటు తీసి వేడి కింద వదిలేస్తుంది. ఈలోగా వెనకబడిన సెల్లు అందుకుంటుంది. దీన్ని సమం చెయ్యడం అంటారు. కాని చాలా బోర్డులు తీసేది చాలా కొద్ది. 50 మిల్లీ ఆంపియర్లు, 100 మిల్లీ ఆంపియర్లు, అంతే. వెయ్యి మిల్లీ ఆంపియర్లయితే ఒక ఆంపియరు. ఈ కొద్ది ఎంత కొద్దో ముందు ముందు లెక్క కడదాం.

పాయింటు లెక్క

ముందుకు పోయే ముందు ఒక సంగతి. ఈ అంకెల్లో చుక్క ఉంది. 3.34 ని మూడు పాయింటు మూడు నాలుగు అని చదువుతాం. దీన్ని రూపాయలు, పైసలు అనుకుంటే తేలిక. 3 రూపాయల 34 పైసలు. మరి 3.4 అంటే? 3 రూపాయల 4 పైసలు కాదు. 3 రూపాయల 40 పైసలు. కాబట్టి 3.34 కంటే 3.4 పెద్దది. ఇక్కడ తప్పు చదివితే మంచి సెల్లును చెడ్డదనుకుంటాం.

ఒక ఆటో సంగతి

ఒక మండల కేంద్రంలో ఒకాయన కరెంటు ఆటో నడుపుతాడు. ఫైనాన్సులో తీసుకున్నాడు. నెలనెలా వాయిదా కట్టాలి. బ్యాటరీ 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. ఆంపియర్ అవరు అంటే ఒక ఆంపియరు చొప్పున ఒక గంట వచ్చే కరెంటు. బిందె ఎన్ని గ్లాసులు పడుతుందో చెప్పే కొలత అనుకోండి. ఆ లెక్కన ఇది వంద గ్లాసుల బిందె.

కొత్తలో ఒక ఛార్జికి ఆటో 80 కిలోమీటర్లు తిరిగేది. రెండేళ్ళు దాటేసరికి 60 దగ్గర ఆగిపోతోంది. బజారు నుంచి బస్టాండుకు రోజూ వేసే చివరి రెండు ట్రిప్పులు పోయాయి. ఆ రెండు ట్రిప్పుల డబ్బే ఇంటి ఖర్చుకు మిగిలేది. గ్యారంటీ కాలం కూడా అయిపోయింది.

ఒక షాపులో చూపించాడు. మధ్యాహ్నం పూట, సగం ఛార్జి ఉండగా చూశారు. మీటరు పెట్టి, "సెల్లులన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీకి వయసైపోయింది. కొత్తది వేసుకో. డెబ్బై వేలవుతుంది. పాతదానికి ఐదు వేలిస్తాం" అన్నారు.

ఆయన భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బండి కొన్న రోజు నుంచి ఒక నోటు పుస్తకంలో లెక్క రాస్తోంది. ఎన్ని కిలోమీటర్లు, ఎంత వచ్చింది, ఎప్పుడు ఛార్జి పెట్టారు, ఎప్పుడు తీశారు, అన్నీ అందులో ఉన్నాయి. పాత బస్టాండు దగ్గర బ్యాటరీల పని తెలిసిన పెద్దాయన ఒకాయన ఉంటే, ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ ఆయన దగ్గరికి పోయారు.

ఆయన పుస్తకం తిప్పి చూశాడు.

"ఏరా అబ్బాయ్, ఛార్జి ఎప్పుడూ నిండా పెట్టవా? రోజూ ఏడింటికి పెట్టడం, పదింటికి పీకెయ్యడమే ఉందిక్కడ."

"పొద్దున మళ్ళీ కాసేపు పెడతాను బాబాయ్. కిరాయిలు వస్తే మధ్యలోనే తీసేస్తా. ఎనభై, తొంభై అయితే చాలుగదా అని."

"చాలదు. సమం చేసే పని చివరి పది వంతుల్లోనే జరుగుతుంది. నువ్వు అక్కడిదాకా పోనివ్వలేదు."

"మరి ఆ షాపులో సెల్లులన్నీ బాగున్నాయన్నారు మావయ్యగారూ" అంది ఆమె.

"సగం ఛార్జిలో చూస్తే అట్లాగే కనిపిస్తాయి అమ్మాయ్. నిండినప్పుడు ఒకసారి చూడాలి, ఖాళీ అయినప్పుడు ఒకసారి చూడాలి."

ఆయన అన్నది నిజం. ఎల్.ఎఫ్.పి. సెల్లుకు ఒక వింత గుణం ఉంది. దాదాపు నిండుగా ఉన్నప్పుడూ, పావు వంతే ఉన్నప్పుడూ దాని వోల్టేజి అంత తేడాగా ఉండదు. 3.33 దగ్గర మొదలై 3.2 దాకా నింపాదిగా దిగుతుంది. నిండే చివర మాత్రం గబగబా పెరుగుతుంది. ఖాళీ అయ్యే చివర గబగబా పడిపోతుంది. గుంటలున్న చెరువు నిండుగా ఉంటే పైన నీళ్ళు సమంగానే కనిపిస్తాయి. గుంట ఎక్కడుందో చెరువు ఎండితే కదా తెలిసేది!

మూడు కొలతలు

పెద్దాయన మూడు కొలతలు తీశాడు. ఆమె రాసింది.

మొదటి కొలత, ఛార్జరు దానంతటది ఆగిపోయిన వెంటనే. పదిహేను సెల్లులు 3.47 నుంచి 3.51 మధ్య ఉన్నాయి. ఏడో సెల్లు 3.34.

రెండో కొలత, సగం ఛార్జిలో. పదిహేను సెల్లులు 3.29. ఏడో సెల్లు 3.27. షాపువాళ్ళు చూసింది ఇదే. రెండు పైసల తేడా ఎవరికి పడుతుంది?

మూడో కొలత, ఆటో తిరిగి తిరిగి ఆగిపోయాక. పదిహేను సెల్లులు 3.23. ఏడో సెల్లు 2.81.

ఇప్పుడు కథ బయటపడింది. పదిహేను సెల్లుల్లో ఇంకా దాదాపు పావు వంతు ఉంది. ఏడోది ఖాళీ. దాన్ని కాపాడటానికే బీఎంఎస్ బండిని ఆపుతోంది.

ఆయన మూడు కొలతలు ఎందుకు తీశాడు? ఏడో సెల్లు తేడాగా ఉందని మొదటి కొలతకే తెలిసింది కదా! నిజమే. కాని తేడా ఉందని తెలిస్తే చాలదు. జబ్బు ఏమిటో తెలియాలి. వాడే మందు జబ్బును బట్టి ఉంటుంది.

సెల్లు నిండినప్పుడూ తక్కువ, ఖాళీ అయినప్పుడూ తక్కువ ఉంటే అది వెనకబడిన సెల్లు. బిందె మంచిదే, నీళ్ళే తక్కువ. నింపితే సరిపోతుంది.

నిండేటప్పుడు అందరికంటే ముందు ఎక్కి, ఖాళీ అయ్యేటప్పుడు అందరికంటే ముందు పడిపోతే అది బలం తగ్గిన సెల్లు. అంటే బిందే చిన్నదైపోయింది. త్వరగా నిండుతుంది, త్వరగా అయిపోతుంది. దీన్ని ఎంత సమం చేసినా లాభం లేదు. ఆ సెల్లు మార్చాలి.

నిండినప్పుడూ ఎక్కువ, ఖాళీ అయినప్పుడూ ఎక్కువ ఉంటే? అది ముందుకు పోయిన సెల్లు. దాంట్లోంచి కొంత తీసెయ్యాలి.

నాలుగో రకం ఒకటి ఉంది. బండి ఆగి ఉంటే సెల్లు బాగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. బండి ఆపితే మళ్ళీ లేస్తుంది. చాలాసార్లు ఇది సెల్లు తప్పు కాదు. సెల్లులను కలిపే లోహపు పట్టీ దగ్గర నట్టు వదులై ఉంటుంది. లేదా తుప్పు, మసి పట్టి ఉంటుంది. ఆ చోటు చేతికి వేడిగా తగులుతుంది. మన గతుకుల రోడ్ల మీద ఇది మామూలే. మీటరు ముళ్ళు పట్టీ మీద పెట్టి ఒకసారి, సెల్లు మొన మీదే పెట్టి ఒకసారి కొలిస్తే తేడా తెలిసిపోతుంది. పది రూపాయల నట్టు బిగిస్తే పోయే జబ్బుకు వేల రూపాయల సెల్లు మార్చినవాళ్ళు ఉన్నారు.

ఆ ఆటోలో పట్టీలన్నీ గట్టిగానే ఉన్నాయి. ఏడో సెల్లుది మొదటి రకం జబ్బు.

ఇరవై నాలుగు గ్లాసుల లోటు

లోటు ఎంత? 80 కిలోమీటర్లు తిరిగే బండి 60 దగ్గర ఆగుతోంది. అంటే నాలుగో వంతు పోయింది. 100 లో నాలుగో వంతు 25. పెద్దాయన 24 ఆంపియర్ అవర్లు అని అంచనా వేశాడు.

ఇంత లోటు ఒక్క రోజులో రాలేదు. ఏ సెల్లయినా ఊరికే పెట్టినా కొంచెం కొంచెం తగ్గుతుంది. కొన్ని మిగతావాటి కంటే కాస్త ఎక్కువ తగ్గుతాయి. మట్టి కుండల్లో ఒక కుండ ఎక్కువ చెమర్చినట్టు. నెలకు ఒక్క ఆంపియర్ అవరు వెనకబడిందనుకోండి. రెండేళ్ళకు ఎంత? 24 నెలలకు 24.

మరి బీఎంఎస్ దానంతటది సరిచెయ్యలేదా? లెక్క కట్టి చూద్దాం. 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున తీస్తే ఒక ఆంపియర్ అవరుకు 20 గంటలు పడుతుంది. 24 ఆంపియర్ అవర్లకు:

24 × 20 = 480 గంటలు.

480 ÷ 24 = 20 రోజులు.

రాత్రీ పగలూ ఛార్జరు తగిలించే ఉంచితే ఇరవై రోజులు. ఆటో ఇరవై రోజులు ఇంట్లో పెట్టుకుంటే వాయిదా ఎవరు కడతారు?

అందుకని పెద్దాయన ఇంకో దారి పట్టాడు. ఏడో సెల్లు ఒక్కదాన్నే విడిగా నింపాడు. దీనికి ఒక్క సెల్లుకు పనికొచ్చే ఛార్జరు ఉంటుంది. 3.65 వోల్టులకు మించి పోదు. 6 ఆంపియర్లు ఇస్తుంది. 24 ని 6 తో భాగిస్తే నాలుగు గంటలు.

పని మొదలుపెట్టే ముందు చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాడు. "అమ్మాయ్, నీ గాజులతో దీని మీదికి వంగకు. దూరంగా కూచుని రాయి" అన్నాడు. ఆయన వాడే పానాలకు పిడి మొత్తం ప్లాస్టిక్ టేపు చుట్టి ఉంది. పానా జారి రెండు మొనల మీద అడ్డంగా పడితే చాలు, నిప్పులు చిమ్ముతాయి. ఇనుము కరిగిపోతుంది. ఇంట్లో ప్లగ్గులా స్విచ్చి కట్టేస్తే కరెంటు పోతుందని ఇక్కడ అనుకోవద్దు. మెయిన్ స్విచ్చి తీసినా సెల్లుల్లో కరెంటు ఉండనే ఉంటుంది.

ముందు బ్యాటరీని ఛార్జి నిండా పెట్టాడు. తరవాత బండి ఛార్జరు తీసేశాడు. చిన్న ఛార్జరు రెండు క్లిప్పులు ఏడో సెల్లు ప్లస్సుకు, మైనస్సుకు పెట్టాడు. ఇంకే సెల్లుకూ తగలనివ్వలేదు. నాలుగు గంటలూ అక్కడే కూచున్నాడు. పావుగంటకోసారి సెల్లు మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. భోజనానికి కూడా లేవలేదు. క్యారియరు అక్కడికే తెప్పించుకున్నాడు.

ఛార్జి ఎక్కే కొద్దీ ఆమె రాస్తోంది. 3.36. 3.37. గంట గడిచినా 3.38. "కదలడం లేదేంటి మావయ్యగారూ?" అంది. "ఆగు. చివర్లో పరిగెత్తుతుంది" అన్నాడాయన. అట్లాగే అయింది. నాలుగో గంట ఆఖర్లో 3.42, 3.48, 3.55 అని గబగబా ఎక్కింది. 3.6 దాటగానే ఆయన క్లిప్పు తీసేశాడు.

మళ్ళీ బండి ఛార్జరు పెట్టి చూశారు. పదహారు సెల్లులూ రెండు పైసల తేడాలో నిలబడ్డాయి.

మర్నాడు ఆటో 76 కిలోమీటర్లు తిరిగింది. 80 కాదు. రెండేళ్ళ వాడకానికి తగ్గే బలం ఎటూ తగ్గుతుంది. దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కాని చివరి రెండు ట్రిప్పులూ తిరిగి వచ్చాయి.

పని అక్కడితో అయిపోలేదు. వారం తరవాత, పదిహేను రోజుల తరవాత మళ్ళీ కొలిచి రాయమన్నాడు పెద్దాయన. సమం చేసిన సెల్లు పదిహేను రోజుల్లోనే బాగా వెనకబడితే లోపల చెడిపోయిందని అర్థం. చిల్లు బిందెను ఎన్నిసార్లు నింపుతాం? ఈ సెల్లు అలా పడిపోలేదు. నెలకు ఒక ఆంపియర్ అవరు మాత్రం తగ్గుతోంది. అది బీఎంఎస్ చెయ్యగలిగిన పనే. నెలకు 20 గంటలు చాలు. ఆటోకు కిరాయిలు లేని రోజున, పగటి పూట, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు ఛార్జి నిండాక కూడా ప్లగ్గు తియ్యకుండా ఉంచుతున్నారు. నెలకు రెండు రోజులు. ఒక్కో రోజు పది గంటలు.

చెయ్యకూడని పనులు

ఈ పాఠం చదివి ఎవరూ ఇంట్లో బ్యాటరీ విప్పవద్దు. గ్యారంటీ ఉన్న బ్యాటరీని విప్పితే గ్యారంటీ పోతుంది. గ్యారంటీ లేకపోయినా పని తెలిసినవారే విప్పాలి. మనం చెయ్యగలిగిన పని వేరే ఉంది. కిలోమీటర్లు రోజూ రాయడం. ఛార్జి పూర్తి కాకుండానే ఆగుతోందా, బండి హఠాత్తుగా ఆగుతోందా చూసి రాయడం. ఇప్పుడు కొన్ని బ్యాటరీలకు ఫోనులోనే సెల్లుల వోల్టేజి కనిపిస్తుంది. పెట్టె విప్పక్కర్లేదు. కొనేటప్పుడే ఆ సౌకర్యం ఉందా అని అడగాలి. మెకానిక్‌ను కూడా అడగాలి. "నిండినప్పుడు కొలిచారా? ఖాళీ అయినప్పుడు కొలిచారా? ఆ అంకెలు నాకు రాసివ్వండి" అనాలి.

ఒక్క సెల్లుకు 12 వోల్టుల ఛార్జరు తగిలించేవాళ్ళు ఉన్నారు. సెల్లు పొంగుతుంది, పేలవచ్చు కూడా. పోయిన సెల్లు బదులు వేరే కంపెనీది, వేరే కొలతది దొరికింది గదా అని వేస్తారు. నాలుగు నెలలకు మళ్ళీ అదే గొడవ. ముందుకు పోయిన సెల్లులోంచి కరెంటు తియ్యడానికి తీగ ముక్క అడ్డం పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది తియ్యడం కాదు, తగలబెట్టడం. దానికి తగిన రెసిస్టరు వాడాలి. ఒక ఓము రెసిస్టరు పెడితే 3.3 ఆంపియర్లు పోతుంది. అదే 11 వాట్ల వేడి. అది కూడా చెయ్యి కాల్చేటంత వేడే.

పొంగిన సెల్లు, కారిన సెల్లు, ఘాటు వాసన వేసే సెల్లు, నీళ్ళలో మునిగిన బ్యాటరీ, వీటిని ఛార్జి పెట్టకూడదు. 2 వోల్టుల కిందికి దిగి చాలాకాలం ఉన్న సెల్లును బతికించాలని చూడకూడదు. దాని లోపల రాగి కరిగి ఉంటుంది. ఛార్జి ఎక్కినట్టే ఎక్కి లోపల అంటుకోవచ్చు.

ఎల్.ఎఫ్.పి. రకం అంత తేలిగ్గా అంటుకోదు. ఎన్.ఎం.సి. రకం త్వరగా అంటుకుంటుంది. ఏదైనా అంటుకుంటే ఆరడం కష్టం. పొగ విషం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక కరెంటు బళ్ళ షోరూములో మంటలు లేచాయి. పై అంతస్తుల్లో లాడ్జి ఉంది. పొగ మెట్ల మీదుగా పైకి పోయింది. ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడే దేశంలో చాలాచోట్ల కరెంటు స్కూటర్లు తగలబడ్డాయి. దాంతో కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల నిబంధనలను గట్టి చేసింది. రెండు చక్రాల, మూడు చక్రాల బళ్ళకు ఏఐఎస్-156 అనే నిబంధనలో మార్పులు 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి ఇంకో విడత అమలులోకి వచ్చాయి.

కాబట్టి మంచం పక్కన ఛార్జి పెట్టవద్దు. మెట్ల కింద పెట్టవద్దు. గుమ్మానికి అడ్డంగా పెట్టవద్దు. అంటుకుంటే బయటికి పోయే దారి అదే కదా! పొగ వస్తే సామాను కోసం చూడకుండా మనుషులు ముందు బయటికి రావాలి. ఆ తరవాత 101 కు ఫోను చెయ్యాలి.

ఇక నిజంగానే చచ్చిపోయిన బ్యాటరీని చెత్తకుప్పలో వెయ్యకూడదు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని తిరిగి పనికొచ్చేలా చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీదేనని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. కొన్న షాపులోనే అడగండి.

మీరే చెప్పండి

ఒక రైతు దగ్గర మందు కొట్టే స్ప్రేయరు ఉంది. దాని బ్యాటరీ 12.8 వోల్టులు. ఇదివరకు ఒక ఛార్జికి పద్దెనిమిది ట్యాంకులు కొట్టేది. ఇప్పుడు పదకొండుకే ఆగుతోంది. మెకానిక్ కొలిచి ఈ కాగితం రాసిచ్చాడు.

ఛార్జి నిండాక:
1వ సెల్లు 3.41
2వ సెల్లు 3.4
3వ సెల్లు 3.62
4వ సెల్లు 3.42

స్ప్రేయరు ఆగిపోయాక:
1వ సెల్లు 3.22
2వ సెల్లు 3.23
3వ సెల్లు 2.7
4వ సెల్లు 3.22

ఈ బ్యాటరీలో ఎన్ని సెల్లులున్నాయి? 3.4 పెద్దదా, 3.41 పెద్దదా? తేడాగా ఉన్నది ఏ సెల్లు? అది వెనకబడిన సెల్లా, బలం తగ్గిన సెల్లా? ఆ రైతు దాన్ని నింపించాలా, మార్పించాలా?